మాడిన గొంతు

మూడో తారీకు, బుధవారం

ఆఫీసులో అందరూ బాగున్నారని తలుస్తాను. సూపర్‌వైజర్ దుర్గాప్రసన్న గారికి మెడ పట్టేసిందని పోయిన వారం అన్నారు, తగ్గిందా. ఉప్పు మూట కాచి పెట్టుకోమన్నాను, ఆవిడకు తీరికెక్కడిది, పెట్టుకుని ఉండరు. మీరు రోజు పని రాసి పంపమన్న ఈ రాతలు చదివేవారెవరో నాకు తెలియదు. మా ముసలాళ్ళ కోడిగీతలు చదివీ చదివీ మీ కళ్ళు ఎలా ఉన్నాయో. మా తోడికోడలు వరహాలమ్మ మోకాలు బాగానే ఉండుంటుంది, నిన్న మెట్లెక్కుతుంటే చూశాను, చిన్నపిల్లలా ఎక్కింది. మా ఆయన పాదాల వాపు అలాగే ఉంది. నాకు పొద్దున్నించీ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది. ఏ జబ్బో ఏమోనని బెంగగా ఉంది.

ఈ రోజు పని. కుళాయి వేళకి మూడో అంతస్తు వసారాకి వెళ్ళాను. కింది అంతస్తులు ఏరు మింగేశాక మా ఉప్పుటేరు మేడల్లో మంచినీళ్ళు అక్కడే వస్తాయి. పక్కింటి ముత్యాలు బిందె పెట్టుకుని నిలబడింది. మీరు నేర్పినట్టే చేశాను. ముందు మూడు క్షేమాలు, తరవాత ఒక సరుకు.

"ఒంట్లో ఎలా ఉందే ముత్యాలూ? మీ అత్తగారి దగ్గు తగ్గిందా? పిల్లాడు అన్నం తింటున్నాడా?" అని అడిగాను. ఆ తరవాత, "మా ఇంట్లో చలువరేఖ మజ్జిగపొడి వాడుతున్నామమ్మా, కడుపు హాయిగా ఉంటోంది" అన్నాను.

సరుకు దగ్గరికి వచ్చేసరికి ముత్యాలు వంగి బిందె సర్దుకుంది. విందో లేదో తెలియలేదు. ఇంతకుముందు అయితే "ఎక్కడ దొరుకుతుంది పిన్నీ?" అనేది. అలా అడిగిందంటే ఆ రోజు పని అయినట్టే. ఈ మధ్య ఎవరూ అడగటం లేదు. నాలో లోపమేమోనని రాత్రి అన్నం సయించలేదు.

మజ్జిగపొడి నీళ్ళలో కలిపితే అడుక్కి దిగిపోతోంది. సరుకు మేం కూడా వాడాలన్నారు గనక మా ఆయనకి రోజూ అదే పోస్తున్నాను. ఆయన ముఖం చిట్లించి తాగుతున్నాడు.

ఆరో తారీకు, శనివారం

ఈ రోజు ఆఫీసులో మీటింగు. ఫ్యాను లేని గదిలో ఇరవై మంది ముసలాళ్ళం గోడ అద్దానికి ఎదురుగా నిలబడి వాక్యాలు చెప్పాం. చెమటకి నా జాకెట్టు ఒంటికి అంటుకుపోయింది. మేం చేసే పని ప్రకటనల పనని ఎవరికైనా చెబితే నవ్వుతారు. మా అమ్మ రోజుల్లో ప్రకటన అంటే గోడంత బొమ్మ, దాని మీద అందమైన పిల్ల. అందరి చెవుల్లోకీ జల్లెడ వచ్చాక అవన్నీ పోయాయి. కందిపప్పంత ఉంటుందది. చెవి ఎముకలో కూర్చోబెడతారు. అమ్మకం మాట వస్తే చెవిదాకా రానివ్వదు. తెలిసిన మనిషి మామూలుగా మాట్లాడే మాట మాత్రం దాటనిస్తుంది. కంపెనీకి మాలాంటి వాళ్ళు పనికొచ్చింది అందుకే. జల్లెడ తీయించుకుందామన్నా కుదరదు, వరద వస్తే హెచ్చరిక కేక కూడా అందులోంచే వినబడాలి.

మీటింగు చివర్లో వరహాలమ్మని ముందుకు పిలిచారు. దాని నోరు ఈ నెల మంచి నోరట. శాలువా కప్పారు. నెమలి రంగు శాలువా, అంచుకి జరీ ఉంది. సముద్రం వైపు బ్లాకు దానికిచ్చారు. ఆ బ్లాకులో మెట్ల మీద గాలి వస్తుంది, వాళ్ళు మనిషి వస్తే కుర్చీ వేస్తారు. నాకేమో నాచు పట్టిన మా వసారా.

దాన్ని ఈ పనిలోకి తెచ్చింది నేనే. మా మరిది పోయాక తిండికి ఇబ్బంది పడుతోందని నేనే దుర్గాప్రసన్న గారి ముందు నిలబెట్టాను. అప్పుడు దానికి ముగ్గురి ఎదుట మాట్లాడటం రాదు. ఈ రోజు శాలువా కప్పుకుని నా పక్కకి వచ్చి కూర్చుంది.

"అక్కా, ఉక్కపోతకి చచ్చిపోతున్నాను, దీన్ని తీసి నీ సంచిలో పెట్టుకో" అంది.

దాని శాలువా నా సంచిలో మోశాను. రాత తప్పకూడదన్నారు గనక ఇదీ రాస్తున్నాను.

బయటికి వస్తుంటే దుర్గాప్రసన్న గారు ఆపారు.

"నూకరత్నం గారూ, మీ కుళాయి దగ్గర ఈ నెల కొనుగోలు లేదండి. వరహాలమ్మ గారితో ఒక రోజు తిరిగి చూడండి, ఆవిడ ఎలా మాట్లాడతారో."

"దాన్ని తీసుకొచ్చింది నేనే కదండీ."

"అందుకేనండి, మీకు చెప్పడానికి మొహమాటపడలేదు."

మెడ ఎలా ఉందని అడిగాను. ఆవిడ ఫోను చూసుకుంటున్నారు.

పదో తారీకు, బుధవారం

వరహాలమ్మ వెంట సముద్రం బ్లాకుకి వెళ్ళాను. పడవలో అది పక్కవాళ్ళతో వాగుతూనే ఉంది. పడవవాడు దానికి చెయ్యి అందించి దింపాడు. నేను నా అంతట నేను దిగాను, చీర కుచ్చిళ్ళు తడిశాయి.

అది ఒక్క క్షేమం అడగలేదు. మీరు చెప్పిన పద్ధతిలో ఒక్కటీ చేయలేదు. మెట్ల మలుపులో కాళ్ళు బారజాపి కూర్చుంది. ఎదురుగా వచ్చిన ఆవిడని చూసి, "ఏమిటే ఆ చీర, దోమతెర చుట్టుకొచ్చావా" అంది. నేను అంటే కొట్టి ఉండేవాళ్ళు. ఆవిడ పగలబడి నవ్వి పక్కన చతికిలబడింది. ఇంకో ఇద్దరు వచ్చారు. పొద్దెక్కేదాకా వాళ్ళ వాళ్ళ కోడళ్ళ మీద, లిఫ్టు మీద, చేపల రేటు మీద చెప్పుకున్నారు. మధ్యలో ఎక్కడో వరహాలమ్మ మోకాలు రుద్దుకుంటూ, "ఆ నడకసిరి నూనె లేకపోతే ఈ మెట్లు ఎక్కలేను తల్లీ" అంది. అంతే. వెంటనే మళ్ళీ లిఫ్టు మాటలోకి పోయింది. లేచేటప్పటికి ఇద్దరు నూనె సంగతి అడిగారు.

తిరిగొస్తూ అడిగాను. "నువ్వు క్షేమాలు అడగవేం?"

"అడిగితే చెబుతారక్కా. అవన్నీ వినాలి కదా. నాకంత ఓపిక లేదు."

నాకు ఓపిక ఉంది. అందరి దగ్గూ, అందరి విరేచనాలూ ఏళ్ళ తరబడి విన్నాను. ఎవరి పిల్లకి ఎప్పుడు జ్వరమొచ్చిందో ఇప్పటికీ చెప్పగలను. ఓపిక లేని దానికేమో శాలువా.

అది తిన్నగా ఇంటికి పోకుండా మా ఇంటికి వచ్చింది. మా కాలంలో తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చునేది కాదు. ఇది మా ఆయన మంచం పక్కన నా చాప మీదే కూర్చుని పడవవాడి కబుర్లు చెప్పింది. ఆయన కళ్ళకి పొరలు కమ్మాయి, మనిషి నీడ మాత్రం ఆనుతుంది. గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పుకుని విరగబడి నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోయాను కూడా.

అది వెళ్ళాక నేను దగ్గరికి వెళ్ళి, "వాపు తగ్గిందా? ఆకలేస్తోందా? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. మగవాళ్ళకి పెళ్ళాం మాట వినబడదని అందరూ నవ్వుతూ అనుకుంటారు. నాకు నవ్వు రాలేదు.

పదమూడో తారీకు, శనివారం

కుళాయి దగ్గర ముత్యాలు నా ముఖంలోకి వింతగా చూసింది.

"ఏంటి పిన్నీ, పెదాలు కదుపుతున్నావు, మాట రావట్లేదు. గొంతు పోయిందా?"

నా మాట నాకు వినబడుతోంది. ముత్యాలుకి, దాని వెనక నిలబడ్డ వాళ్ళకి వినబడటం లేదు. బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చి అద్దంలో నోరు తెరిచి చూసుకున్నాను. మా పెదనాన్న గొంతులో పుండు లేచి పోయాడు. అదే అనుకున్నాను. నేను పోతే ఈయనకి గంజి ఎవరు పోస్తారని ఏడ్చాను. ఆ పోసేది వరహాలమ్మే అవుతుందని తోచాక ఏడుపు ఆగిపోయింది.

పడవెక్కి ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చెవిలో జల్లెడ ఉంది, నేను చెప్పింది ఆవిడకి సగం వినబడలేదు. గొంతులో లైటు వేసి చూసింది.

"గొంతు శుభ్రంగా ఉందమ్మా. మీరు నోటి కంపెనీలో పని చేస్తారా?"

తల ఊపాను.

"అయితే మందు నా దగ్గర లేదు, వాళ్ళనే అడగండి" అంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడు విని ఇటు తిరిగాడు.

"ఏమే, ఇన్నాళ్ళై నాతో పలకవేం? నేనేం తప్పు చేశాను?"

నేను ప్రతి పూటా పలుకుతూనే ఉన్నాను. ఆయన విని ఊరుకుంటున్నాడని నేను అనుకున్నాను. నేను మాట మానేశానని ఆయన అనుకున్నాడు. "పలుకుతూనే ఉన్నానండీ" అన్నాను. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. ఇంకా దగ్గరికి వెళ్ళి చెప్పాను. చేత్తో తడిమి నా చెయ్యి పట్టుకున్నాడు.

"కోపమైతే కోపమను. ఇలా ఊరుకోకు" అన్నాడు.

ఈ పూట మజ్జిగపొడి పొయ్యలేదు. మీరు కోప్పడితే పడతాను.

పదిహేడో తారీకు, బుధవారం

ఆఫీసుకి వెళ్ళాను. దుర్గాప్రసన్న గారు చెవిలోంచి ఏదో చిన్న తీగ లాగి పక్కన పెట్టారు. ఆఫీసు వాళ్ళ జల్లెడ తీసి పెట్టుకునే రకమట. ఆవిడకి నా మాట మామూలుగానే వినబడింది. అందుకే ఆవిడ అన్నది మొత్తం రాస్తున్నాను.

"మీ గొంతు మాడిపోయిందండి. మా పనిలో అలాగే అంటాం. సరుకు పేరు ఏ దారిన వస్తుందో జల్లెడ కనిపెట్టి ఆ దారి మూసేస్తుంది. మీరు ఎన్నేళ్ళుగానో ఒకే మెత్తటి గొంతుతో, ఒకే వరసలో క్షేమం అడిగి సరుకు చెప్పారు. మీ మేడలో ఒక్క జల్లెడ నేర్చుకుంటే చాలు, ఊళ్ళో మిగతావాటికి కూడా చెప్పేస్తుంది."

"మా ఇంట్లో నేను సరుకు చెప్పలేదండీ. మా ఆయన్ని ఉత్తినే అడిగాను."

"జల్లెడకి ఉత్తినే అన్నది తెలియదు కదండీ."

"మరి నేను ఆయనతో ఎలా మాట్లాడను?"

"వేరే గొంతుతో ప్రయత్నించండి."

నాకు వేరే గొంతు లేదు. అడగటం, బుజ్జగించటం, బెంగపడటం, అన్నీ ఆ గొంతుతోనే. పాలవాడితోనూ అదే, దేవుడితోనూ అదే. పద్ధతి తప్పకుండా చేశాను గనకే మాడింది. వరహాలమ్మది ఎందుకు మాడలేదని అడిగాను.

"ఆవిడకి ఒక పద్ధతంటూ లేదండి, జల్లెడకి చిక్కరు" అని దుర్గాప్రసన్న గారు నవ్వారు. వచ్చే నెల నుంచి నన్ను నమూనా పొట్లాలు కట్టే గదిలోకి మారుస్తామన్నారు. అక్కడ మాట్లాడక్కర్లేదట.

వచ్చే దారిలో పడవ నిండా జనం, అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. పక్కావిడని చంటిపిల్ల ఒంటి మీద ఆ దద్దుర్లేమిటని అడిగాను. ఆవిడ ఏరు చూస్తూ కూర్చుంది.

ఇరవై రెండో తారీకు, సోమవారం

వరహాలమ్మ రొయ్యల పులుసు తెచ్చింది. నా గొంతు సంగతి మేడంతా పాకిపోయింది, దానికి చెప్పక్కర్లేదు. నా చాప మీద కూర్చుని ఆయనకి అన్నంలో కలిపి పెట్టింది. దాని చెవిలోనూ నా మాట పడదు గనక నేను పెదాలతో, చేతులతో చెబితే అది గ్రహించి ఆయనకి చెప్పడం మొదలుపెట్టింది.

"బావగారూ, పాదాల వాపు ఎలా ఉందని అక్క అడుగుతోంది."

"తగ్గిందని చెప్పమ్మా. నా మీద కోపం లేదట కదా?"

"లేదట. గొంతు పని చేయట్లేదట, అంతే."

"అమ్మయ్య."

నా మొగుడి పాదాల వాపు నేను దాని నోటితో అడగాల్సి వచ్చింది. ఆయన నాకు చెప్పే జవాబు దాని వైపు తిరిగి చెబుతున్నాడు. ఓర్చుకున్నాను. ఆకలేసిందా అని అడగమన్నాను. అడిగింది. నిద్ర పట్టిందా అని అడగమన్నాను. అడిగింది. ఆ వెంటనే కొంగులోంచి చిన్న సీసా తీసింది.

"ఈ నడకసిరి నూనె రాయించుకోండి బావగారూ, వాపు తీసేస్తుంది" అంది.

నేను అడిగిన మూడు క్షేమాల మీద అది తన సరుకు అమ్మేసింది. మా ఇంట్లో, నా చాప మీద.

నాకేమైందో తెలియదు. సీసా లాక్కుని గుమ్మం అవతల పెట్టాను.

"లేవే నా చాప మీంచి" అన్నాను. "నా మాటలు నా మొగుడికి అమ్ముతావా? మోకాలు నెప్పని పడవవాడి చెయ్యి పట్టుకుంటావు, మెట్లు చూస్తే గంతులేస్తావు. నేను తెచ్చి పెట్టిన పనిలో నువ్వు శాలువా కప్పించుకుంటావు, దాన్ని మళ్ళీ నా సంచిలో మోయిస్తావు. పెళ్ళై వచ్చిన రోజున అత్తగారు నీకు పెద్ద గదిచ్చింది, అప్పుడూ నవ్వుతూనే తీసుకున్నావు. ఆయన నవ్వు కూడా తీసుకుపో, ఇంకేం మిగిలింది?"

ఇంకా చాలా అన్నాను. కొన్ని రాయకూడనివి.

ఆపేసరికి మా ఆయన మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. ముఖం తిన్నగా నా వైపే ఉంది.

"అదిగో" అన్నాడు. "మాట్లాడింది."

"విన్నారా?" అన్నాను. మళ్ళీ ఆ మెత్తటి గొంతే వచ్చింది, ఆయనకి అందలేదు. పళ్ళు బిగించి, "చెవిటి మాలోకం, విన్నావా లేదా?" అన్నాను.

"విన్నానే. పెద్ద గది సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

వరహాలమ్మ లేచి కొంగు దులుపుకుంది. నవ్వలేదు. పులుసు గిన్నె వదిలేసి వెళ్ళిపోయింది. పులుసు బాగానే ఉంది, చింతపండు కాస్త ఎక్కువైంది. ఆ మాట ఆయనతో ఈసడింపుగా అంటే అదీ విన్నాడు.

ఇరవై నాలుగో తారీకు, బుధవారం

ఈ రోజు దుర్గాప్రసన్న గారే పడవలో మా ఇంటికి వచ్చారు. వరహాలమ్మ వెంట ఉంది. జరిగిందంతా వరహాలమ్మ ఆఫీసులో చెప్పేసింది. దుర్గాప్రసన్న గారికి కుర్చీ వేశాను, వరహాలమ్మకి వెయ్యలేదు. ఆవిడ కూర్చుంటూనే చెవిలో తీగ తీసి పక్కన పెట్టారు.

"మీ గొంతు మొత్తం మాడలేదండి" అన్నారు దుర్గాప్రసన్న గారు. "ఒక దారి తెరిచే ఉంది. మీరూ వరహాలమ్మ గారూ రోజూ కుళాయి దగ్గర పోట్లాడండి. తోడికోడళ్ళ పోట్లాట అంటే చెవి రిక్కించని వాళ్ళుండరు. మీరు తిట్టేటప్పుడు నూనె పేరు వస్తుంది, ఆవిడ తిట్టేటప్పుడు మజ్జిగపొడి పేరు వస్తుంది. మీకు కూడా సముద్రం బ్లాకు ఇస్తాం."

సముద్రం బ్లాకు అనగానే ఒక్క క్షణం నా ప్రాణం అటు పోయింది. దాచను. గాలి వచ్చే మెట్ల మీద కుర్చీలో కూర్చున్నట్టు, నా మీద కూడా ఏదో శాలువా ఉన్నట్టు అనిపించింది.

"సరుకు పేరు ఏ దారిన వస్తే ఆ దారి మూసుకుంటుందన్నారు కదండీ" అన్నాను.

"అవునండి, కానీ కొంతకాలం పడుతుంది."

"ఆ తరవాత?"

"ఆ తరవాత ఏడుపు ప్రయత్నిద్దామండి. ఏడుపు ఇంతవరకూ ఎవరూ వాడలేదు."

ఆవిడ వేళాకోళంగా అనలేదు, మామూలుగానే అన్నారు. ఈ పోట్లాట కూడా అమ్ముకుంటే మా ఆయనకి నా నోటి నుంచి ఏమీ మిగలదు. ఈ రెండు రోజులుగా పొద్దున లేస్తూనే ఆయన్ని తిడుతున్నాను. వాపు సంగతి తిట్టులో పెట్టి అడుగుతున్నాను. ఆయన హాయిగా జవాబు చెబుతున్నాడు.

"నేను చెయ్యనండి. పొట్లాల గది కూడా వద్దు. ఇదే నా చివరి రాత" అన్నాను. మెడకి ఉప్పు మూట మాత్రం మరవొద్దని చెప్పి పంపాను.

వరహాలమ్మ పడవెక్కకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఇద్దరికీ పని దొరికేది. చెడగొట్టావు" అంది.

"నీకు పనుంది కదే, శాలువా కూడా ఉంది."

"నా గొంతూ ఎప్పుడో ఒకప్పుడు మాడుతుంది. నాకు ఇంట్లో తిట్టడానికైనా ఎవరున్నారు? ఊరికే పోట్లాడినట్టు నటించేదానికి ఇంత గింజుకుంటావేం?"

"నాది నటన కాదు. నువ్వంటే నాకు నిజంగానే కుళ్ళు."

"నాకు మాత్రం లేదనుకున్నావా? బావగారు పోకుండా ఇంకా నీ ఎదుట కూర్చుని ఉన్నాడు" అంది.

లోపల్నించి మా ఆయన కేకేశాడు.

"దాన్ని రమ్మనవే. ఇద్దరూ నా మంచం దగ్గరే కూర్చుని పోట్లాట కానివ్వండి. వసారాలో అయితే సగం మాటలు అందవు."

దాన్ని ఆయనే పిలిచాడు, నేను కాదు. అది కూడా గుర్తు పెట్టుకున్నాను, వచ్చినప్పుడు అంటాను. కొంగులో సీసాలూ పొట్లాలూ లేకుండా వస్తేనే గుమ్మం దాటనిస్తానని చెప్పాను. వెతుక్కోమంది. పెద్ద గది సంగతి మొదట్నించీ చెప్పాలంది, తన వైపు వేరే ఉందట. ఇరవై ఎనిమిదో తారీకు, ఆదివారం, కుళాయి కట్టేశాక వస్తానంది.